అంచు అని అచ్చయిన మాట

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతులు తుడుచుకుంటూ అన్నయ్య మామూలుగానే అడిగాడు.

“చెల్లాయ్, మీ పుస్తకంలో రాళ్ళు గట్టు అంచు నుంచి పేర్చాలని ఉంది కదా. అంచంటే పైదేనా?”

“పైదే. అంచంటే ఇంకేముంటుంది?” అంది ఆమె.

“అదే, మేమూ అలాగే చేశాం. పైనుంచి మొదలుపెట్టి నీళ్ళ మట్టం దాకా దిగి ఆపేశాం. ఇదివరకు ఎక్కడ చేసినా ముందు వాగు అడుగున మోచేతి లోతు కాలవ తవ్వి, పెద్ద రాళ్ళు అందులో పాతి, అక్కణ్ణుంచి పైకొచ్చేవాళ్ళం. ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నా.”

వదిన గిన్నెలు సర్దుతూ నవ్వింది. “ఆడపడుచు గారి పుస్తకం వచ్చిన దగ్గర్నుంచి మీ అన్నయ్య రాయి ఎత్తాలన్నా కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు.”

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే, ఆ వాక్యంలో ముందు వేరే మాట ఉండేదని గుర్తొచ్చింది.

అన్నయ్య రాతిపని మేస్త్రి. పన్నెండు మంది ముఠాతో నెలా పదిరోజులుగా ఊరి పక్క వాగు మలుపులో గట్టు కోసుకుపోకుండా రాళ్ళు పేరుస్తున్నాడు. ఆమె జలకాలుష్య నియంత్రణ కార్యాలయంలో పరిభాష విభాగం చూస్తుంది. విభాగమంటే రెండు బీరువాలు, ఒక బల్ల, ఆమె. నియమాల్లో వచ్చే ప్రతి మాటకూ అర్థం రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ‘వ్యర్థజలం’ అని దేన్నంటారు, ‘విడుదల’ అంటే ఎంత, వేసవిలో ఎండిపోయినంత మాత్రాన వాగు వాగు కాకుండా పోతుందా, ఇలాంటివి. ఫ్యాక్టరీల తరఫు వకీళ్ళు ఆ అర్థాలకు ఈకలు పీకుతారు. వాళ్ళకు పీకడానికి ఈక దొరక్కుండా రాయడం ఆమెకు పదిహేడేళ్ళుగా పంతం. ఆఫీసులో అందరూ ఆమెను పదాలమ్మ అంటారు. అందులో వెటకారమూ లేదు, ప్రేమా లేదు. అలవాటు, అంతే.

గట్లు కోసుకుపోయి వాగులో కలిసే మట్టి కూడా కాలుష్యమేనని పోయినేడు నియమాల్లో చేర్చారు. ఆ కోత ఎలా ఆపాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి వేశారు. నలభై పేజీలు, ఆకుపచ్చ అట్ట. పద్ధతులు చెప్పింది రిటైరైన ఒక ముసలి ఇంజనీరు. మాటలు కూర్చింది పదాలమ్మ. పుస్తకానికి అక్షరం తేడా వచ్చినా ఇప్పుడు ఏ పనినీ ఒప్పుకోరు.

బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఆ పేజీలన్నీ మనసులో తిరగేసింది. ఇంజనీరు చెబుతుంటే తను రాసుకున్న వాక్యం గుర్తుంది. ‘రాతిపేర్పు గట్టు కొస నుంచి మొదలవ్వాలి.’ కొస అన్న మాట ఆమెకు నచ్చలేదు. ఏ కొస అని ఎవరో ఒకరు పేచీ పెడతారు. అందుకని అందరికీ తెలిసిన మాట వేసింది. వేసేటప్పుడు అనుమానం రాకపోలేదు. ఫోన్ చేసి కనుక్కుందామని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుంది. ప్రెస్సు వాళ్ళు ఆ సాయంత్రమే కావాలన్నారు. గుర్తు చెరిపేసి పంపేసింది.

నిజంగా ఆ గుర్తు పెట్టిందా, లేక ఇప్పుడు భయంకొద్దీ ఊహించుకుంటోందా? తేల్చుకోలేకపోయింది. ఆ గొడవలో దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

సోమవారం ఆఫీసు ఊడవకముందే వెళ్ళి బీరువా తెరిచింది. పాత ప్రతి మూడో అరలో దొరికింది. ‘అంచు’ పక్కన కాగితం కాస్త నూగు లేచి ఉంది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ప్రశ్నార్థకం వంపు లీలగా కనబడింది. కుర్చీలో కూర్చుని, తొమ్మిదయ్యేదాకా ఆగి, ముసలి ఇంజనీరుకు ఫోన్ చేసింది. ఆయనకు చెవుడు.

“కొసండీ. గట్టు కొస అన్నారు కదా, పైదా కిందదా?”

“వయసా? డెబ్బై తొమ్మిది.”

“వయసు కాదండీ. కొస, కొస.”

“ఓ, కొసా? కింది కొసమ్మా. గట్టు వచ్చి వాగు అడుగును తాకుతుందే, ఆ చోటు. పైనుంచి ఎవరైనా పేరుస్తారా? నీళ్ళు అడుగున తొలిచేస్తే మీదున్నవన్నీ జారిపోవూ? ఇల్లు పెంకుల దగ్గర్నుంచి కట్టుకుంటూ దిగుతారటమ్మా?” అని, మళ్ళీ తనే అడిగాడు. “ఏం, ఎవరైనా అలా కట్టారా?”

“లేదండీ,” అంది ఆమె. ఎందుకలా అబద్ధం చెప్పిందో తనకే తెలియలేదు.

ఆమె భయం రాళ్ళ గురించి కాదు. ఆ మలుపులో గట్టు మీద ఇళ్ళ వరస, దాని ముందు కాలిబాట ఉన్నాయి. బాట కింద ఊరంతటి మురుగూ మోసే పెద్ద పైపు ఉంది. అక్కణ్ణుంచి మూడు మైళ్ళు దిగువన ఊరికి తాగునీళ్ళు తోడే పంపులున్నాయి. గట్టు జారితే బాట జారుతుంది, బాట జారితే పైపు విరుగుతుంది. తరవాతి సంగతి ఆలోచించబుద్ధి కాలేదు. గురువారం నుంచి పెద్ద వానలని పేపర్లో రాశారు.

పదకొండింటికి డైరెక్టరు గారు పిలిపించుకున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఏ కాగితమైనా రెండు వైపులా చూసి, మూడోవైపు కూడా ఉందేమోనని వెతికే మనిషి. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

“ఎవరైనా ఫిర్యాదు చేశారా?”

“లేదండీ.”

“మరి మీకెలా తెలిసింది?”

“అక్కడ పని చేస్తున్న మేస్త్రి మా అన్నయ్యండీ. మాటల్లో చెప్పాడు.”

డైరెక్టరు గారు కళ్ళు తెరిచారు. “చూడండమ్మా, ఇది రాతలో పెడితే ఎలా కనబడుతుందో ఆలోచించారా? అన్న చెడగొట్టిన పనికి చెల్లెలు పుస్తకంలోనే తప్పుందని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంటుంది. సవరణల కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది. అందులో పెడదాం. అప్పటిదాకా మీరెవరికీ ఏమీ రాసివ్వకండి.”

“గురువారం నుంచి వానలంటున్నారండి.”

“వానలంటూనే ఉంటారు,” అన్నారాయన, తరవాతి ఫైలు దగ్గరికి లాక్కుంటూ.

ఆమె బయటికొచ్చింది. కూజా దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపుకుని, తాగకుండా దాన్నే చూస్తూ నిలబడింది. ఆ తరవాత అర్ధరోజు సెలవు రాసి బల్లమీద పెట్టి వాగు దగ్గరికి బస్సెక్కింది.

రెండు వందల అడుగుల పొడవున రాతిపేర్పు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రాయికీ రాయికీ మధ్య వేలు దూరే సందు లేదు. అన్నయ్య పనితనం ఆమెకు తెలుసు. అతను ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు. ముఖం చూడగానే సంగతి పట్టేసినట్టున్నాడు.

“కిందిదా?” అన్నాడు.

ఆమె తలూపింది.

అతను ఇంకేమీ అడక్కుండా గడ్డపార తీసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. అన్నిటికన్నా కింది వరస రాళ్ళ కిందికి గడ్డపార పోనిచ్చాడు. అది ఎక్కడా ఆగకుండా, మెత్తగా, సగం దాకా వెళ్ళిపోయింది. ముఠాలో వాళ్ళు పని ఆపి చూశారు. 

“అప్పుడే తొలిచేసిందన్నమాట,” అన్నాడు అన్నయ్య, గడ్డపార బయటికి లాగి దాని మొన చూస్తూ. “ఇప్పుడు వాగు నిద్రపోతోంది గనక సరిపోయింది.”

ఆ సమయానికి ఆఫీసు తరఫున పని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ నీళ్ళ సీసాల పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. ముప్ఫై దాటని మనిషి. రసాయన శాస్త్రం చదివింది. నీళ్ళలో ఏముందో చెప్పగలదు గానీ రాళ్ళ సంగతి తనకు తెలియదని ఆమే ఒప్పుకుంటుంది. అందుకే పుస్తకాన్ని ఒక్క అక్షరం దాటనిచ్చేది కాదు. అన్నయ్య జరిగింది చెప్పి, రేపు పొద్దుటి నుంచి అడుగున కాలవ తవ్వుతామన్నాడు.

“కుదరదండీ,” అందామె. “అనుమతి లేకుండా వాగు అడుగు తవ్వితే ఒండ్రు లేస్తుంది. అది కాలుష్యం కిందికే వస్తుంది. పదకొండో పేజీ. మేడమే రాశారు.” అని పదాలమ్మ వైపు తిరిగింది. “మేడమ్, తప్పని మీకు తెలుసు, నాకూ ఇప్పుడు తెలిసింది. కానీ నోటిమాట మీద నేను పని మార్పించలేను. రేపు అడిగేది నన్నే.”

“సవరణ రావాలంటే కమిటీ కూర్చోవాలి,” అంది పదాలమ్మ.

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం తీసి వెనక పేజీలు తిప్పింది. “సవరణ అక్కర్లేదేమో. ఇక్కడ చూడండి. ‘పదాల అర్థంలో సందేహం కలిగినప్పుడు పరిభాష విభాగం రాతపూర్వకంగా ఇచ్చిన వివరణే ప్రమాణం.’ ఆ విభాగం అంటే మీరే కదా. ఇస్తారా?”

ఆ వాక్యం కూడా తను రాసిందే. వకీళ్ళ నోరు మూయించడానికి రాసింది. ఎవరికీ ఏమీ రాసివ్వకండి అన్న డైరెక్టరు గారి మాట పొద్దుటి నుంచి చెవుల్లోనే ఉంది. ఇప్పుడు సంతకం పెడితే ఆదేశం ధిక్కరించినట్టు. పెట్టకపోతే... ఆమె నీళ్ళవైపు చూసింది. నీళ్ళు సాధువుగా, మెల్లగా పోతున్నాయి. వీటిని చూసి భయపడుతున్నానంటే ఎవరైనా నవ్వుతారు. వాన కురవకపోతే తను ఉత్తపుణ్యానికి అన్నయ్య పనీ, తన కొలువూ రెండూ పోగొట్టినట్టవుతుంది.

“ఒక కాగితం ఇవ్వండి,” అంది.

నీళ్ళ పరీక్ష ఫారం వెనక, ఒక రాయి మీద కూర్చుని రాసింది. ‘పదిహేడో పేజీలో గట్టు అంచు అన్న చోట గట్టు వాగు అడుగును తాకే చోటు అని చదువుకోవాలి. రాతిపేర్పు అక్కడ కాలవ తవ్వి మొదలుపెట్టాలి. పొరపాటు మాట వేసింది నేను. ఈ పని చేస్తున్న మేస్త్రి నాకు స్వయానా అన్న. ఆ సంగతి కూడా నమోదు చేసుకోవాలి.’ కింద సంతకం చేసింది. ఆ కాగితం ఫోటో తీసి డైరెక్టరు గారికి తనే పంపింది. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

“రేపు పది గంటలకు సీట్లో ఉండండి,” అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేదనిపించింది.

మంగళవారం ఆమెకు మెమో అందింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, అనుమతి లేకుండా సీటు వదలకూడదు. రోజంతా బల్ల దగ్గర కూర్చుని కిటికీలోంచి ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉంది. చిన్న మబ్బు కనబడినా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. వాగు దగ్గర అన్నయ్య ముఠా ఇసుక బస్తాలు అడ్డం వేసి, పేర్చిన రాళ్ళు విప్పి, అడుగున కాలవ తవ్వి మళ్ళీ పేర్చుకుంటూ వస్తోంది. నీళ్ళు నేరుగా వచ్చి కొట్టుకునే మలుపు మధ్యభాగం ముందు చేశారు. బుధవారం సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

“నూటనలభై అడుగులయింది. దిగువ అరవై అడుగులు మిగిలింది. మనవాళ్ళలో ఒకాయన చెయ్యి రాళ్ళ మధ్య పడింది. చూపుడువేలు నలిగిపోయింది. ఆసుపత్రికి పంపాం.”

“అయ్యో. ఎలా ఉంది?”

“వేలు ఉంచుతారో తీసేస్తారో రేపు చెబుతారట.”

“మిగిలింది రేపు అవుతుందా?”

“చూద్దాం,” అన్నాడు. అన్నయ్య చూద్దాం అన్నాడంటే కాదని అర్థం. చిన్నప్పటి నుంచీ అంతే.

గురువారం పదకొండింటికి వాన మొదలైంది. మొదట చినుకులుగా, తరవాత ధారగా. ఎదురుగా ఉన్న మేడ కనబడకుండా పోయింది. ఒంటిగంటకు ఇన్‌స్పెక్టరమ్మకు ఫోన్ చేస్తే, పంపుల దగ్గర వాళ్ళకు సంగతి చెప్పి ఉంచానంది. రెండింటిదాకా పదాలమ్మ సీట్లోనే ఉంది. ఆ తరవాత గొడుగు తీసుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా మెట్లు దిగింది.

వాగు గుర్తుపట్టలేనట్టుగా ఉంది. ఎర్రగా, ఒడ్డుకీ ఒడ్డుకీ నిండి, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతోంది. అన్నయ్య ముఠాను బాటకు దూరంగా లాగేసి, అడ్డంగా తాడు కట్టించాడు. మలుపు మధ్యలో నీళ్ళు రాళ్ళను కొట్టి పైకి లేస్తున్నాయి. రాళ్ళు కదల్లేదు. అందరూ చూస్తున్నది అటు కాదు, దిగువ అరవై అడుగుల వైపు. అక్కడ ముందొక రాయి జారింది. తరవాత దాని మీదది. ఆపైన అడుగు చిల్లుపడ్డ బస్తాలోంచి గింజలు జారినట్టు వరసలు వరసలే కిందికి దిగిపోయాయి. బాటమీద పగులు ఒకటి పాకి, అంచు ఊడిపడింది. మట్టిలోంచి మురుగు పైపు నల్లటి కడుపు బయటపడింది. దాని అతుకు దగ్గర సన్నగా తడి ఊరుతోంది.

ఇన్‌స్పెక్టరమ్మ వానలో తడుస్తూ పంపుల కేంద్రానికి ఫోన్ చేసింది. అవతలి మనిషి గొంతు పక్కనున్న పదాలమ్మకు కూడా వినబడుతోంది.

“ఏమని రాసుకోమంటారు? ప్రమాద సూచన అంటే పైవాళ్ళకు చెప్పి, వాళ్ళు చూసి వెళ్ళాక ఆపుతాం. మురుగు విడుదల అంటే ఇప్పుడే ఆపాలి. ఊరంతటికీ నీళ్ళు బంద్. ఏదో ఒకటి చెప్పండి.”

ఇన్‌స్పెక్టరమ్మ పైపు వైపు చూసింది. “తడి మాత్రమే కనబడుతోంది మేడమ్. అది వాన నీళ్ళో, మురుగో.”

పదాలమ్మ ఫోన్ అందుకుంది. ఒక మాట తప్పు వేశానని తెలిసి ఇంకా నాలుగు రోజులు కాలేదు. ఇప్పుడింకోటి తప్పయితే ఊరు ఊరంతా తిడుతుంది.

“నీళ్ళలో కలిసింది చుక్కయినా విడుదలే,” అంది. “విడుదల అని రాసుకోండి. టైము మూడూ పది. చెప్పింది పరిభాష విభాగం.”

పంపులు ఆగాయి. మూడూ యాభైకి పైపు అతుకు దగ్గర విరిగింది. నల్లటి నీళ్ళు ఎర్రటి నీళ్ళలోకి దూకి కలిసిపోయాయి. పదాలమ్మ గొడుగు మూసేసి, ఇక తడవడానికి ఏమీ మిగలనట్టు అక్కడే నిలబడిపోయింది.

ఊరికి రెండు రోజులు కుళాయిలు రాలేదు. జనం బిందెలతో ట్యాంకర్ల వెనకబడి ఆఫీసును నోటికొచ్చినట్టు తిట్టారు. ఎవరికీ జబ్బు చెయ్యలేదు. మలుపు మధ్యభాగం, దాని పైనున్న ఇళ్ళ వరస అలాగే నిలిచాయి.

విచారణలో పదాలమ్మ ఏదీ దాచలేదు. పెన్సిలు గుర్తు చెరిపిన పాత ప్రతి తనే తీసి బల్లమీద పెట్టింది. సోమవారం మీకు చెప్పిందా అని విచారణాధికారి డైరెక్టరు గారిని అడిగాడు. ఆయన గ్లాసు మూత తీసి పక్కన పెట్టి, “చెప్పింది. నేనే ఆగమన్నాను,” అన్నారు. ఆ మాట అనకపోతే ఆమె ఉద్యోగం ఉండేది కాదని అందరికీ తెలుసు. ఆమెను పరిభాష విభాగం నుంచి తీసేసి కింది అంతస్తులో టపాలు పంపే చోట వేశారు. మొదటి పని, పన్నెండు వందల పుస్తకాల్లోనూ పదిహేడో పేజీ మీద సవరణ చీటీ అతికించడం. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ జిగురు ఆరేదాకా తెరిచి పెట్టి, ఇంకోసారి చదివి, అప్పుడు మూసేది.

నెల తరవాత దిగువ అరవై అడుగుల పని మళ్ళీ మొదలైంది. ఒక సెలవురోజు ఆమె చూడ్డానికి వెళ్ళింది. అన్నయ్య పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట అడిగింది.

“కిందనుంచి కట్టాలని నీకు తెలుసు కదా. ముందే నన్నెందుకు అడగలేదు అన్నయ్యా?”

అతను చేతిలో రాయిని అటూ ఇటూ తిప్పాడు. “ముఠాలో పెద్దాయన మొదటిరోజే అన్నాడు, ఇది తప్పు మేస్త్రీ అని. నేనే కసిరా. మా చెల్లెలు రాసింది, అందులో తప్పెందుకుంటుందన్నా. మళ్ళీ నోరెత్తలేదాయన.”

ఆ పెద్దాయన ఎవరా అని ఆమె ముఠా వైపు చూసింది.

“వేలు పోయింది ఆయనకే,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె లేచింది. “ఇల్లెక్కడ?”

రెండు వీధుల అవతల, రేకుల కప్పున్న ఒంటిగది. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన భార్య స్టూలు తెచ్చి వేసింది.

“ఆ పుస్తకం రాసింది నేనే,” అంది పదాలమ్మ. “మీరు మొదటిరోజే చెప్పారట. ఇప్పుడే తెలిసింది.”

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. “నేను చదువుకోలేదమ్మా. పుస్తకం అన్నారు, నిజమే అనుకున్నా. నలభై ఏళ్ళు చేసిన పని నాకే తప్పనిపించింది. రెండు రాత్రులు అన్నం సయించలేదు.” కట్టు వైపు చూసుకున్నాడు. “వేలుదేముంది, ఇంకా తొమ్మిదున్నాయి. నా పనే తప్పన్న ఆ మాటే బాధ.”

ఆమె స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది. ఆయన పాత పనుల గురించి, ఎక్కడెక్కడ ఏ గట్టు నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో చెబుతూ పోయాడు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నది. లేచేటప్పుడు మళ్ళీ వస్తానంది. రమ్మనీ, వద్దనీ అనలేదాయన.

బయటికొచ్చేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. బస్సు స్టాపు కుడివైపు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎడమవైపుకు, వాగు దిక్కుకు, ఇంకా పూర్తికాని ఆ అరవై అడుగుల దగ్గరికి గబగబా నడిచారు.